మధ్యలో మనసు మార్చుకున్న పిరమిడ్

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో బావగారు పంపే వీడియోలకు ఒక వేళాపాళా ఉంది. పొద్దున్నే సూర్య నమస్కారాలు, మధ్యాహ్నం మోకాళ్ళ నొప్పికి చిట్కా, రాత్రి భోజనాలయ్యాక ప్రపంచ రహస్యం. ట్రెజరీలో ముప్ఫై ఐదేళ్ళు చేసి రిటైరైన మనిషి. రూపాయి తేడా వస్తే బిల్లు వెనక్కి పంపినవాడు, ఫోనులో వచ్చే రహస్యాలకు మాత్రం వోచరు అడగడు.

కిందటి నెల వచ్చిన రహస్యం పిరమిడ్ల మీద. ఈజిప్టులో, సూడాన్‌లో, మెక్సికోలో, చైనాలో అదే ఆకారం. వీళ్ళలో చాలామందికి ఒకరితో ఒకరికి రాకపోకలు లేవు. మరి అందరికీ ఒకటే ఎలా తట్టింది? ఎవరో నేర్పి ఉండాలి. సముద్రంలో మునిగిన ఖండం వాళ్ళో, పైనుంచి దిగినవాళ్ళో. కింద బావగారి కామెంటు: "ఏమోయ్ ఇంజినీరూ, ఇవాళ్టి క్రేన్లతో కూడా కట్టలేరట. ఏమంటావ్?"

చివరి ప్రశ్నకు జవాబు చిన్నది. కట్టొచ్చు బావగారూ, బిల్లు ఎవరు పాస్ చేస్తారన్నదే సమస్య. మొదటి ప్రశ్నకు మాత్రం గ్రూపులో రెండు ముక్కలు రాస్తే సరిపోదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

కళ్ళంలో ధాన్యం రాశి పోయడం చూసిన మనిషికి ఆ ప్రశ్న రాకూడదు. లారీ వెనక్కి ఎత్తి కంకర దింపితే ఏ ఆకారంలో పడుతుంది? ఇసుకయినా, ఉప్పయినా, ధాన్యమయినా, ప్రతిదానికీ తనదైన వాలు ఒకటుంటుంది. అంతకన్నా నిటారుగా నిలబెడదామని చూస్తే జారుతుంది. ఉక్కు దూలాలు లేని కాలంలో ఎత్తయిన దిబ్బ ఒకటి నిలబెట్టాలనుకున్నవాడికి అడుగు వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా కట్టడం తప్ప వేరే దారి దాదాపు లేదు. గురువు ఎవరో ఒకరు ఉండి తీరాలంటే భూమ్యాకర్షణ ఉంది. అన్ని దేశాల్లోనూ అదే పాఠం చెప్తుంది, ఫీజు అడగదు.

ఈ ఆకారంలో ఇంకో సుఖం కూడా ఉంది. వీడియోలో ఒక లెక్క చెప్పారు. ఈజిప్టు రాజు ఖుఫు గీజాలో కట్టించుకున్న పిరమిడ్‌లో సుమారు 23 లక్షల రాళ్ళు, 20 ఏళ్ళలో కట్టారంటే రోజుకు మూడొందల పైచిలుకు, పగలు పది గంటల పని అనుకుంటే రెండు నిమిషాలకో రాయి. అసాధ్యం కాదా అని. లెక్క తప్పు కాదు. వాళ్ళు వెయ్యని రెండో లెక్క ఒకటుంది. పిరమిడ్ ఎత్తులో కింది మూడో వంతు తీసుకుంటే మొత్తం ఘనపరిమాణంలో 70 శాతం అక్కడే అయిపోతుంది. సగం ఎత్తుకు వచ్చేసరికి 87 శాతం పైగా. అంటే పదింట ఏడు రాళ్ళు యాభై మీటర్ల లోపే ఆగిపోతాయి. ఆ కింది భాగంలో నాలుగు పక్కల నుంచీ ఒకేసారి ఎన్ని జట్లయినా రాళ్ళు లాగొచ్చు. పైకి వెళ్ళేకొద్దీ దారి ఇరుకవుతుంది, పని కూడా తగ్గుతుంది. కష్టం ఎక్కువయ్యే చోట రాళ్ళు తక్కువయ్యే ఆకారం ఇది. మనుషుల భుజాల కోసం కొలిచి కుట్టించినట్టుంటుంది.

ఈ లెక్కంతా రెండున్నర టన్నుల మామూలు రాయికి. రాజు గది పైనున్న గ్రానైట్ దూలాల బరువు పాతిక నుంచి ఎనభై టన్నుల దాకా ఉంటుంది, అవి 800 కిలోమీటర్ల అవతల అస్వాన్ నుంచి నది మీద వచ్చాయి. వాటిని అంత ఎత్తుకు ఎలా చేర్చారన్నదాని మీద పండితులు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. ఆ మాట దాచను. అయితే తగువంతా ఏటవాలు దారి తిన్నగా వేశారా, చుట్టూ తిప్పి వేశారా అన్నదాని మీదే. 2018లో హత్నూబ్ అనే రాతిగనిలో ఖుఫు కాలం నాటి ఏటవాలు దారి ఒకటి బయటపడింది. రెండు పక్కలా మెట్లు, మెట్ల పక్కన గుంజలు పాతిన గుంటలు. గుంజలకు తాళ్ళు చుట్టి రాయిని లాగి ఉంటారని అంచనా. మా సైట్లో బరువైన మోటారు దింపడానికి ఇప్పటికీ చేసేది ఇంచుమించు అదే.

ఇక అసలు విషయం. ఖుఫు పిరమిడ్ దగ్గర నిలబడితే ఎవరికైనా అద్భుతం అనిపిస్తుంది. అందుకే వీడియోలన్నీ అక్కడే తీస్తారు. దానికి దక్షిణాన ఉన్న మెయిదుంకో, దహ్షూర్‌కో కెమెరా తీసుకెళ్ళరు. వెళితే కథ చెడిపోతుంది.

దానికి ముందు నా సొంత గొడవ ఒకటి. మొదటి ఉద్యోగంలో ఒక పునాది గుంట తవ్విస్తున్నాను. స్థలం చాలట్లేదని అంచులు నిటారుగా కోయించాను. మేస్త్రి వద్దన్నాడు. పేరు చెప్పను, ఆయనకిష్టం ఉండదు. "సార్, మట్టి ఎక్కడ ఆగాలో మట్టికి తెలుసు. దాన్నడిగి కోసుకోవాలి" అన్నాడు. నా దగ్గర డిగ్రీ ఉంది, ఆయన దగ్గర లేదు. ఆ రాత్రి వాన పడింది. పొద్దున వెళ్ళేసరికి ఒక పక్క గట్టంతా గుంటలో ఉంది. లోపల ఎవరూ లేకపోవడం నా అదృష్టం. తర్వాత వాలు తగ్గించి కోశాం.

ఇప్పుడు స్నెఫెరు సంగతి. ఖుఫు తండ్రి, క్రీ.పూ. 2600 ప్రాంతం. అతనికి ముందు, సక్కారాలో జోసెర్ రాజుకు మంత్రి ఇమ్‌హోతెప్ కట్టించాడని చెప్పే మెట్ల పిరమిడ్ ఉంది, ఆరు మెట్లు, 62 మీటర్లు. అది కూడా పిరమిడ్‌గా పుట్టలేదు. ముందు అరుగు లాంటి చదునైన సమాధి, దాన్ని పక్కలకు పెంచారు, పైన నాలుగు మెట్లు వేశారు, మళ్ళీ పెంచి ఆరు చేశారు. రాళ్ళు కూడా చిన్నవి, ఇటుకల కన్నా ఓ మాదిరి పెద్దవి. అప్పటిదాకా చేతికి అలవాటయింది ఇటుక, రాయి దొరికినా ఇటుకలాగే కోసుకున్నారు. ఈ ఒక్క సంగతి చాలు నాకు. పైనుంచి వచ్చినవాడికి ఇటుక అలవాటు ఎందుకుంటుంది?

మెయిదుంలో మెట్ల పిరమిడ్‌ను నున్నటి పిరమిడ్‌గా మార్చాలని చూశారు. మెట్ల మధ్య ఖాళీలు నింపి, పైన కొత్త తొడుగు వేశారు. లోపలి కట్టడం రాతి మీద ఉంది, కొత్త తొడుగు మాత్రం ఇసుక మీద కూర్చుంది. పాత మెట్ల ముఖాలు అప్పటికే నున్నగా చెక్కి ఉండడంతో కొత్త రాయికి పట్టు దొరకలేదు. పాత గోడకు కొట్లు పెట్టకుండా కొత్త ప్లాస్టరింగ్ చేస్తే ఏమవుతుందో మేస్త్రీలను అడగండి. అదే అయింది. ఇవాళ అక్కడ చుట్టూ రాళ్ళ గుట్ట, మధ్యలో బురుజులా మూడు మెట్లు నిలబడి ఉంటాయి.

దహ్షూర్‌లోది ఇంకా ముచ్చటైనది. కింద 54 డిగ్రీల వాలుతో మొదలుపెట్టారు. అడుగున నేల గట్టిది కాదు. బరువు పెరిగేకొద్దీ నేల కుంగింది, లోపలి గదుల గోడలు బీటలు వారాయి. పై గదిలో గోడలు ఒకదాని మీదకొకటి రాకుండా దేవదారు దుంగలు అడ్డం పెట్టారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. సగం దాకా వచ్చాక, ఇక ఇలాగే పోతే మొత్తం దిగుతుందని ఎవరికో అర్థమైంది. వాలు 43 డిగ్రీలకు తగ్గించి పైభాగం ముగించారు. కింద రాళ్ళను లోపలికి ఒరిగేలా పేర్చారు, పైన మామూలుగా చదునుగా పేర్చారు. అంటే కోణంతో పాటు పని పద్ధతి కూడా మార్చుకున్నారు. దూరం నుంచి చూస్తే మధ్యలో నడుం వంగినట్టుంటుంది. అందుకే దాన్ని వంగిన పిరమిడ్ అంటారు.

నాకు ఖుఫుది కన్నా ఇదే గొప్ప కట్టడంలా అనిపిస్తుంది. ఎవరో ఒక మనిషి రాజు ముందుకు వెళ్ళి "ఇది ఇలా నిలబడదు, మార్చాలి" అని చెప్పి ఉంటాడు కదా. ఆ మాట చెప్పడానికి ఎన్ని రాత్రులు నిద్రపోలేదో. ఆ టెన్షన్ నాకు తెలుసు. పక్కనే మూడోది మొదలుపెట్టారు, ఎర్ర పిరమిడ్. అడుగు నుంచి చివరి దాకా 43 డిగ్రీలే, 105 మీటర్ల ఎత్తు. దెబ్బ తిన్నవాడి జాగ్రత్త దాని వాలులో కనిపిస్తుంది. ఆ తర్వాత కొడుకు ఖుఫు గీజాలో గట్టి రాతి నేల వెతుక్కుని, మధ్యలో సహజంగా ఉన్న బండను అలాగే వదిలి, దాని చుట్టూ దాదాపు 52 డిగ్రీల వాలుతో 146 మీటర్లు లేపాడు. అడుగు నాలుగు పక్కలా మట్టంలో తేడా సుమారు రెండు సెంటీమీటర్లే. జోసెర్ నుంచి ఇక్కడికి రావడానికి సుమారు నూరేళ్ళు, మధ్యలో కొన్ని తప్పులు, ఒక వంపు.

నేర్చుకున్నది శాశ్వతంగా నిలిచిందనుకుంటే అదీ లేదు. ఏడెనిమిది వందల ఏళ్ళ తర్వాత మూడవ అమెనెంహాట్ అదే దహ్షూర్‌లో నీటి ఊట ఉన్న పల్లపు నేల మీద మట్టి ఇటుకల పిరమిడ్ కట్టించాడు. అది కుంగింది, గదులు బీటలిచ్చాయి, రాజు వేరే చోట ఇంకొకటి కట్టించుకున్నాడు. మేస్త్రి మాట వినని ఇంజినీర్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు.

కట్టినవాళ్ళు ఎవరు? చాలాకాలం మనకు చెప్పింది గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్. లక్ష మంది, మూడేసి నెలల వంతులు, 20 ఏళ్ళు అని. ఆయన అక్కడికి వెళ్ళేసరికే పిరమిడ్ వయసు రెండు వేల ఏళ్ళు దాటింది. ఎవరో గైడు చెప్పింది రాసుకున్నాడు. కూలీలు తిన్న ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి ఖర్చు పిరమిడ్ మీద రాసి ఉందని కూడా చెప్పారట ఆయనకు. సినిమాలు దానికి కొరడాలు చేర్చాయి. 1990లో గీజా దగ్గర ఒక గుర్రం కాలు మట్టి గోడలో దిగబడితే, పనివాళ్ళ సమాధులు బయటపడ్డాయి. అక్కడ దొరికిన ఎముకల్లో విరిగి, సరిగ్గా కట్టు కట్టడంతో అతుక్కున్న చేతులున్నాయి. వెన్నుపూసలు అరిగిపోయి ఉన్నాయి. దగ్గర్లోనే పురావస్తు పరిశోధకుడు మార్క్ లేనర్ బృందం తవ్విన ఊళ్ళో రొట్టెలు కాల్చే చోట్లు, కుప్పలు కుప్పలుగా పశువుల, గొర్రెల ఎముకలు దొరికాయి. పిరమిడ్ లోపలి మూసేసిన ఖాళీల్లో ఎర్ర రంగుతో జట్లు తమ పేర్లు రాసుకున్నాయి. ఒకటి 'ఖుఫు మిత్రులు'. ఖుఫు మనవడు మెంకౌరె పిరమిడ్ దగ్గర ఇంకో జట్టు పేరు 'మెంకౌరె తాగుబోతులు'. క్రికెట్ టీముకు పేరు పెట్టుకున్నట్టు.

దీంతో ఇప్పుడు కథ రెండో వైపుకు పొర్లింది. బానిసలు కాదు, మాంసం తిని బీరు తాగి సంతోషంగా దేవుడి పని చేసిన స్వచ్ఛంద సేవకులని. ఇదీ నాకు మింగుడు పడదు. బానిస, కూలి అనే రెండు మాటలే ఉన్న భాషల్లో ఆలోచిస్తే ఈ చిక్కు వస్తుందేమో. మనకు మూడో మాట ఉంది. వెట్టి. సొంత ఇల్లు, పొలం ఉన్నవాడే, ఎవడికీ అమ్ముడుపోనివాడే, అయినా కబురు వస్తే వెళ్ళి తీరాలి. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళనడిగితే దాని సంగతి ఇప్పటికీ చెప్తారు. ఈజిప్టులో ఆ భయం ఎంత లోతుగా ఉండేదో తర్వాతి కాలం సమాధుల్లో పెట్టిన షబ్తి అనే చిన్న బొమ్మలు చెప్తాయి. పరలోకంలో పొలం పనికో, ఇసుక మోతకో చచ్చినవాణ్ణి పిలిస్తే, బొమ్మ వాడి బదులు "ఇదిగో నేనున్నా" అని లేచి వెళ్ళాలి. బొమ్మల మీద ఆ మంత్రమే రాసుంటుంది. డబ్బున్నవాళ్ళు కూడా కొనుక్కున్నారు. చచ్చాక కూడా వెట్టి తప్పదన్న దిగులు ఉన్న దేశంలో అందరూ పాటలు పాడుకుంటూ రాళ్ళు లాగారంటే నేను నమ్మను. కొందరు నైపుణ్యం ఉన్నవాళ్ళు, బాగా తిన్నారు, గౌరవంగా పూడ్చిపెట్టారు. చాలామంది వంతు వచ్చి, చేసి, వీపు నొప్పితో ఇంటికెళ్ళారు.

ఈజిప్టు దగ్గరే ఎక్కువసేపు ఆగాను, తెలిసే ఆగాను. మిగతా చోట్ల నాకు ముఖ్యం అనిపించింది ఒక్కటే. పైకి ఒకటేలా కనిపించేవి లోపల ఎంత వేరో.

ఇరాక్‌లోని ఊర్‌లో క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఊర్-నమ్ము రాజు కట్టించిన జిగ్గురాట్, అంటే మెట్లు మెట్లుగా లేచే ఇటుక కట్టడం, సమాధి కాదు, చంద్రుడి గుడికి అరుగు. రాయి దొరకని దేశం. లోపల పచ్చి ఇటుక, బయట తారుతో అతికిన కాల్చిన ఇటుక. లోపలి తడి బయటికి పోవడానికి గోడ నిండా రంధ్రాలు, మధ్యమధ్య రెల్లు చాపల పొరలు. మన ప్రహరీ గోడలకు, కాలువ గట్లకు నీరు పోయే గొట్టాలు పెడతాం చూడండి, అదే ఉపాయం. చాలా ఇటుకల మీద రాజు పేరు ముద్ర. పెరూలో కరాల్ అనే చోట దాదాపు ఖుఫు కాలంలోనే దిబ్బలు కట్టినవాళ్ళకు కుండలు చేయడం కూడా రాదు. రెల్లుగడ్డితో సంచులల్లి, వాటి నిండా రాళ్ళు నింపి, సంచితో సహా పేర్చేశారు. వరదలకు గట్టు తెగితే మనం ఇసుక బస్తాలు వేసినట్టు. రోమ్‌లో సెస్టియస్ అనే అధికారికి సరదా పుట్టి క్రీ.పూ. 12 ప్రాంతంలో 36 మీటర్ల పిరమిడ్ సమాధి లేచింది. అది 330 రోజుల్లో ముగిసిందని దాని మీదే రాయించారు. ఇది మాత్రం ఈజిప్టును చూసి పెట్టుకున్న అచ్చమైన ఫ్యాషను. వీడియోలో చూపించిన చైనావి గట్టిగా దిమ్మిస వేసిన మట్టి గుట్టలు, పైన చదును, హాన్ చక్రవర్తుల సమాధులు.

సూడాన్ దగ్గర మాత్రం కాస్త నిలవాలి, ఎందుకంటే అక్కడ మనకు తెలిసిన వస్తువొకటి ఉంది. మెరోయే, నూరి, ఎల్-కుర్రు, అన్నీ కలిపి రెండొందల పైనే పిరమిడ్లు, సంఖ్యలో ఈజిప్టును మించి. అక్కడి పాత రాజ్యం కుష్. దాని రాజు పియే ఈజిప్టునే జయించి ఏలాడు, తిరిగి తన నేల మీద పిరమిడ్ కింద పడుకున్నాడు. తర్వాత వెయ్యేళ్ళు ఆ ఆనవాయితీ సాగింది, రాణులకు కూడా. చిన్నవి, సన్నవి, వాలు 70 డిగ్రీల దాకా. ఎందుకంత నిటారు? ఫ్రీడ్రిష్ హింకెల్ అనే జర్మన్ వాస్తుశిల్పి అక్కడ ఏళ్ళ తరబడి మరమ్మతులు చేస్తూ, పిరమిడ్ నడిమధ్యలో నిలువుగా పాతిన దుంగ ఆనవాళ్ళు పట్టుకున్నాడు. ఆయన వాదన ఏమిటంటే, మధ్యలో ఏతం నిలబెట్టి, దాంతో రాళ్ళు ఎత్తుతూ చుట్టూ కట్టుకుంటూ పోయారు. ఏతం చెయ్యి ఎంత దూరం అందుతుందో అంతే అడుగు. అందుకే సన్నం, అందుకే నిటారు.

ఏతం! మా తాత తొక్కిన ఏతం. నిలువు గుంజ, దాని మీద పొడుగాటి వాసం, ఒక చివర నీళ్ళ బాన, వాసం మీద ముందుకీ వెనక్కీ నడిచే మనిషి. నైలు ఒడ్డున మనిషి నడవడు, రెండో చివర మట్టి ముద్దో రాయో బరువు ఉంటుంది, సూత్రం ఒకటే. నూతిలోంచి నీళ్ళు తోడే సాధనంతో రాజుల సమాధులు కట్టారన్నది చదివిన రోజు నాకు నిజంగా నిద్ర పట్టలేదు. ఇంతకన్నా పెద్ద రహస్యం ఏ వీడియోలో ఉంది?

మెక్సికోది మళ్ళీ వేరే ఆలోచన. అక్కడ పాతదాన్ని కూల్చరు, దాని మీదే కొత్తది తొడుగుతారు. మా మేనకోడలు, అంటే బావగారి కూతురే, డల్లస్ నుంచి కాన్‌కున్ వెళ్ళినప్పుడు చిచెన్ ఇట్జా ముందు దిగిన ఫొటో గ్రూపులో పెట్టింది. నాలుగు పక్కలా 91 మెట్లు, పైన ఒకటి, మొత్తం 365. ఆ కనిపించే పిరమిడ్ లోపల ఇంకో పిరమిడ్ ఉంది, అందులో ఎర్ర చిరుతపులి ఆకారంలో సింహాసనం ఉంది, దానిలోపల మరో చిన్నది ఉందని 2016లో ప్రకటించారు. చొలూలాలో ఈ తొడుగుళ్ళు వెయ్యేళ్ళ పాటు సాగాయి. ఘనపరిమాణంలో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద పిరమిడ్ అదే, ఖుఫుది కాదు. పైన చెట్లు మొలిచి కొండలా ఉంటే స్పెయిన్ వాళ్ళు పదహారో శతాబ్దంలో శిఖరం మీద చర్చి కట్టుకున్నారు. తెయొతివాకన్‌లో సూర్య పిరమిడ్ లేచింది క్రీ.శ. 200 ప్రాంతంలో, ఇక్కడ మన శాతవాహనుల ఆఖరి రోజులు. ఖుఫు పిరమిడ్‌కు అప్పటికే రెండు వేల ఏడొందల ఏళ్ళు పైబడ్డాయి. ఒకే గురువు అయితే శిష్యుల మధ్య ఇంత ఎడం ఏమిటి? అదే ఊళ్ళో రెక్కల పాము పిరమిడ్ కట్టేటప్పుడు రెండొందల మందికి పైగా బలిచ్చి పునాదుల దగ్గర పూడ్చారు, చాలామంది చేతులు వెనక్కి విరిచి కట్టి ఉన్నాయి. కట్టినవాళ్ళ తెలివిని మెచ్చుకుంటున్నానని ఇది మర్చిపోలేను.

"సరేనోయ్, వీడియో తప్పే అనుకో, సరదాగా చూస్తే నీకేం పోయింది?" అని బావగారు అడుగుతారు. అడిగారు కూడా. దానికి నా దగ్గర ఉన్న జవాబు అమెరికాది. మిసిసిపి నది పక్కన కహోకియాలో 30 మీటర్ల ఎత్తు మట్టి దిబ్బ ఉంది, సుమారు వెయ్యేళ్ళ కిందట అక్కడి మూలవాసులు బుట్టలతో మన్ను మోసి లేపింది. అలాంటివి ఆ దేశంలో వేలున్నాయి. వలస వచ్చిన తెల్లవాళ్ళు వాటిని చూసి, ఈ 'ఆటవికులు' ఇంత పని చేసి ఉండరు, వీళ్ళకు ముందు ఏదో గొప్ప జాతి ఉండేది, వీళ్ళే దాన్ని చంపి ఉంటారు అని కథ అల్లారు. కాలక్షేపం కథ కాదది. 1830లో మూలవాసులను తమ నేల నుంచి తరిమే చట్టం వచ్చింది. ఆ డిసెంబరులో ప్రెసిడెంటు ఆండ్రూ జాక్సన్ కాంగ్రెసుకు పంపిన సందేశంలో ఈ దిబ్బల ప్రస్తావన తెచ్చాడు. ఒకప్పటి బలమైన జాతి మాయమై ఇప్పటివాళ్ళకు చోటిచ్చింది, ఇప్పుడు వీళ్ళ వంతు అన్న ధోరణిలో. 1894లో సైరస్ థామస్ అనే పరిశోధకుడు దిబ్బలు కట్టింది అక్కడి మూలవాసుల పూర్వీకులేనని తేల్చి పెద్ద నివేదిక ఇచ్చాడు. అప్పటికి భూమి పోయింది.

సూడాన్‌లోనూ అంతే. 1834లో ఫెర్లీని అనే ఇటలీ వైద్యుడు నిధుల కోసం మెరోయే పిరమిడ్ల శిఖరాలు పడగొట్టాడు. అమానిషాఖెతో రాణి నగలు దొరికాయి. యూరప్ తెచ్చి అమ్మబోతే, నల్లవాళ్ళ దేశంలో ఇంత నగిషీ పని జరిగి ఉండదని కొనడానికి వెనకాడారు. పని చేసిన చెయ్యి కళ్ళ ముందున్నా నమ్మకపోవడం కొత్త జబ్బు కాదు. గమనించండి, ఇంగ్లండులో లింకన్ చర్చి శిఖరం 1311లో ఖుఫు పిరమిడ్ ఎత్తును దాటింది. దాన్ని ఎవరో ఆకాశం నుంచి వచ్చి కట్టారని ఒక్క వీడియో నాకు రాలేదు.

మనమూ తక్కువ తినలేదు. తంజావూరు గుడి గురించి వచ్చే ఫార్వర్డులు చూడండి, అన్నీ 'అంతుచిక్కని' మిస్టరీలే. ఆ గుడి శాసనాల్లో పెద్ద శిల్పి పేరు కుంజరమల్లన్ రాజరాజ పెరుందచ్చన్ అని ఉందని ఒక్కరూ పంపరు. పేరు ఉంటే మిస్టరీ ఉండదు మరి.

ఖుఫు పిరమిడ్ కట్టినవాళ్ళ పేరు కూడా దొరికింది. 2013లో ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అనే చోట ఫ్రెంచి పరిశోధకుడు పియెర్ తల్లే బృందానికి పపైరస్, అంటే రెల్లులాంటి మొక్కతో చేసిన పాతకాలపు కాగితం, ముక్కలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ప్రపంచంలో ఇంతకన్నా పాతవి లేవు. మెరెర్ అనే చిన్న అధికారి రాయించుకున్న రోజువారీ పుస్తకం. అతని కింద నలభై మంది దాకా జట్టు, ఒక పడవ. నది అవతల తురా గనుల నుంచి పిరమిడ్ పైతొడుగుకు తెల్ల సున్నపురాయి తేవడం వాళ్ళ పని. ఇవాళ తురాలో రాయి ఎక్కించాం, ఖుఫు చెరువు దగ్గర రాత్రి ఆగాం. మర్నాడు పిరమిడ్ దగ్గరికి చేరాం, రాత్రి అక్కడే. ఆ మర్నాడు ఖాళీ పడవతో తిరిగి తురాకు. పేజీ తర్వాత పేజీ ఇదే. అద్భుతం అన్న మాట ఎక్కడా లేదు. మా సైటు రిజిస్టరు కూడా ఇలాగే విసుగ్గా ఉంటుంది.

ఈ సంగతి బావగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆసక్తిగా వినలేదు. "డైరీ ఎవడైనా రాస్తాడు" అన్నారు.

"డైరీతో పాటు లెక్కల కాగితాలు కూడా దొరికాయి బావగారూ. జట్టుకు వచ్చిన తిండి సరుకుల పట్టీ. ఎర్ర సిరా, నల్ల సిరాతో గళ్ళు గీసి రాశారు. ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఇంకా ఎంత బాకీ."

అటువైపు కాసేపు నిశ్శబ్దం.

"బాకీ కాలమ్ ఉందా?"

"ఉందండి."

"అయితే మనుషులే కట్టారు లేవోయ్" అన్నారు.

మూడో రోజు రాత్రి భోజనాలయ్యాక గ్రూపులో మళ్ళీ వీడియో వచ్చింది. ఈసారి మాచు పిచ్చు.